కుడిచేతి వాచీ

ఏం పోగొట్టావే మళ్ళీ? ఫోనా? ఇందాక ఫ్రిజ్ తలుపు తీస్తూ దాని మీద పెట్టావు, చూడు. ఆఁ, దొరికిందా. అచ్చం ఈ తాత పోలికే నీది, మీ అమ్మ ముందు ఈ మాట అనకు. ఏంటి, నా చేతివంక అలా చూస్తున్నావ్? వాచీ కుడిచేతికి ఉందనా? ఇన్నేళ్ళకి కనిపించిందన్నమాట నీకు. అది మా బావ అలవాటులే. మా బావంటే మా అక్క మొగుడు, నువ్వు పుట్టకముందే పోయాడు. వాచీలు బాగుచేసేవాడు. మేడమెట్ల కింద చిన్న కొట్టు, ఇద్దరు కూచుంటే మూడోవాడు నిలబడాల్సిందే. మిగతా కొట్లలో ఎవరి వాచీకి వాళ్ళ పేరు రాసి చీటీ కడతారా, ఈయన కట్టడు. సొరుగులో యాభై అరవై వాచీలుండేవి. మనిషి మూడు నెలల తర్వాత వచ్చినా సరే, మొహం చూసేవాడు, సొరుగులో చెయ్యి పెట్టేవాడు, వాళ్ళది తీసి ఇచ్చేవాడు. వీధంతా చీటీల్లేని మేస్త్రి అనేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకి ఎంత ఇష్టమో, విననట్టు నటించేవాడుగానీ ముసిముసిగా నవ్వుకునేవాడు.

నేనా? నాకప్పుడు ముప్పైరెండేళ్ళు. అప్పటికే రెండు ఉద్యోగాలు ఊడాయి. ఒకచోట గోడౌనుకి తాళం వెయ్యకుండా ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. రెండోచోట ఆఫీసు రిజిస్టరు బస్సులో వదిలేశాను. మా అక్క ఏం చెప్పుకుందో ఏమో, బావ పిలిచి పనిలో పెట్టుకున్నాడు. వెళ్ళిన వారానికే కొట్టు తాళంచెవి పోగొట్టాను. తాళం పగలగొట్టించాల్సొచ్చింది. ఆయన కొత్త తాళం కొని చెవి తన జేబులో వేసుకున్నాడు, అంతే. ఇంక నా చేతికివ్వలేదు. రోజూ పొద్దున్నే ఆయనకంటే ముందు వెళ్ళి మూసిన షట్టరు ముందు నిలబడేవాణ్ణి. ఎదురుగా తాళాలు చేసే అతను, పెద్ద నోరు అతనిది, ఇంకా నీ చేతికి ఇవ్వలేదా బావమరిదీ అని వీధంతా వినపడేట్టు అడిగేవాడు. తల కొట్టేసినట్టుండేది. నవ్వకు. నాకా తాళంచెవి కావాలి, అంతే. దానికోసమే ఆయన చెప్పినవన్నీ చేశాను.

ఏం చెప్పేవాడంటే, మర్చిపోవడం తక్కువరా, అసలు వినకపోవడమే ఎక్కువ అనేవాడు. తాళం వేస్తే వేశాను అని నోటితో అనమనేవాడు. దార్లో పోయేవాళ్ళు, వీడేంటి తాళంతో మాట్లాడుతున్నాడు అని చూసేవాళ్ళు. పట్టుకారు ఇక్కడే, భూతద్దం అక్కడే, చూడకుండా చెయ్యి వెళ్ళాలి. కొత్త మనిషొస్తే మొహంలో ఒక్క గుర్తు పట్టుకుని దాన్ని వాచీకి తగిలించమనేవాడు. మొదట్లో నాకు ముక్కు మీద పుట్టుమచ్చ గుర్తుండేది, వాచీ గుర్తుండేది కాదు. పోనుపోను కుదిరింది. నాలుగేళ్ళు పట్టిందనుకో. ఇంక అన్నిటికంటే పెద్దది ఇదీ, ఈ కుడిచెయ్యి. ఏదైనా పని తట్టి, అప్పటికప్పుడు చెయ్యడానికి వీల్లేకపోతే వాచీ తీసి కుడిచేతికి పెట్టుకునేవాడు. అలవాటు లేని చెయ్యి కదా, ఒరుసుకుంటూనే ఉంటుంది. పనయ్యాకే మళ్ళీ ఎడమకి.

ఒకరోజు మధ్యాహ్నం, నేను స్టూలెక్కి గోడగడియారం దింపుతున్నాను. కింద ఆయన వాచీ చెయ్యి మారుస్తూ ఏదో అన్నాడు. గడియారం బరువుగా ఉంది, నా ధ్యాసంతా దానిమీదే. ఆఁ, సరే బావా అన్నాను. సాయంత్రం షట్టరు దింపబోతూ ఆయన చేతివంక చూసుకున్నాడు. వాచీ ఇంకా కుడిచేతికే ఉంది. లోపలికెళ్ళి తన పీటమీద కూచున్నాడు, లేచాడు, సొరుగు దగ్గర నిలబడ్డాడు, స్టూలు దగ్గరికొచ్చాడు. ఎక్కడ తట్టిందో అక్కడ నిలబడితే గుర్తొస్తుందని నాకు నేర్పింది ఆయనే. రాలేదు. అప్పుడు నావైపు తిరిగి,

"నీకు చెప్పాను కదరా, ఏంటది?" అన్నాడు.

చెప్పాడు. నేను వినలేదు. ఆ మాట ఒప్పుకుంటే ఇంక ఈ జన్మకి తాళంచెవి రాదు. అందుకని, "మీరు నాకేం చెప్పలేదు బావా" అన్నాను.

"చెప్పలేదా?" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. అంతకుముందు ఆయన మొహంలో భయం నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి సొరుగు బల్లమీద బోర్లించి ఒక్కో వాచీకి చీటీ కడుతున్నాడు. ఏమయ్యా, నీక్కూడా చీటీలొచ్చాయా అని ఎవరో నవ్వితే తలెత్తలేదు. తర్వాత ప్రతిదీ రెండుసార్లు అడిగేవాడు. వేశానా, ఇచ్చానా, చెప్పానా అని. నిజంగా మరుపొచ్చిందో, వచ్చిందనుకుని అలా అయ్యాడో నాకు తెలీదు. ఆర్నెల్లకి కొట్టు నాకప్పజెప్పి ఇంట్లో కూచున్నాడు. తాళంచెవి నాకే వచ్చింది చివరికి. ఆ వాచీ మాత్రం మళ్ళీ ఎడమచేతికి మార్చుకోలేదు. పని అవలేదు కదా అనేవాడు. రెండేళ్ళు అలాగే ఉన్నాడు, తర్వాత పోయాడు.

పోయిన పదిహేను రోజులకి కొట్టు తెరుస్తుంటే ఎదురుగా తాళాలు చేసే అతను వచ్చాడు. అవునూ, అప్పుడెప్పుడో, నువ్వు స్టూలెక్కి గోడగడియారం దింపుతున్న రోజు, మీ బావ నీకోసం రెండో తాళంచెవి చేయించాలి, కాసేపట్లో వాడితోనే తాళం పంపిస్తానన్నాడు, ఇప్పుడే వాడికి చెప్తాను అంటూ వెళ్ళాడు, నువ్వు తీసుకురానే లేదేమయ్యా అన్నాడు.

ఈ వాచీ ఆయనదే. ఏం గుర్తుపెట్టుకోవాలనా? నాకు చెప్పాడు. అంతే. ఆయన నాకు చెప్పాడు.

ఇంక లే, చీకటి పడకముందే బయల్దేరు. నీ ఫోనేదీ? మళ్ళీ ఎక్కడ పెట్టావ్?