ఉప్పు మానేసిన మనిషి

నర్సీపట్నంలోని తమ అద్దె ఇంటి వెనక గది తలుపు తోసుకుని ఆమె లోపలికొచ్చింది. అద్దం ముందు చొక్కా లేకుండా నిలబడిన మొగుడు గబుక్కున తువ్వాలు కప్పుకున్నాడు.

“గుండెల మీద ఎంట్రుకలేవి?”

“గొరిగీసాను.”

“ఎవుర్తి గొరిగీమంది?”

“ఎవుర్తీ నేదే. ఆదివారం అనకాపల్లిలో బాడీ బిల్డింగ్ పోటీ ఉంది. పేరిచ్చాను.”

“నలబై దగ్గరకొచ్చి పోటీయా? మరి నా కూరలో ఉప్పెందుకు వద్దన్నావు? ఇంకెక్కడైనా తినొస్తన్నావా?”

“ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలిచిపోతాదంట. వీడియో కేసెట్లో సెప్పాడు.”

“కేసెట్ సూసి నేర్సుకున్నావా? నేర్పీవోలు నేరా?”

“మనూర్లో అలాటోలు ఎవులున్నారే?”

“అయితే నాకెందుకు సెప్పనేదు?”

“నవ్వుతావని.”

ఆమె నవ్వలేదు. తలుపు గడియ పెట్టింది.

“నిజమే అయితే, ఆ పోటీలో ఎలా నిలబడతావో సూపించు.”

అతను తువ్వాలు తీసేశాడు. అటు తిరిగి, చేతులెత్తి, వీపు బిగించాడు.

“ఇన్నాలూ ఈ ఈపు ఎవులు సూసారు?”

“ఎవులూ సూడనేదు. నాకే కనపడదు గదా.”

ఆమె దగ్గరకొచ్చి చాలాసేపు చూసింది.

“ఎడం బుజం దిగిపోనాది. ఎత్తు.”