గోడకి నిలవని పోస్టర్లు

ఎంతన్నావ్ రా మనవడా? మళ్లీ చెప్పు. వేలంపాట ఆరు లక్షల దగ్గర మొదలవుతుందా? ఒక్క కాగితానికా! ఏదీ, ఆ కళ్లజోడిలా ఇవ్వు. ఆఁ, ఇదే, కత్తి పట్టుకున్న రాణీ ఉన్న సినిమా పోస్టరు. నా పరుపు కింద నుంచి నువ్వు లాగినదేగా. ఫొటో చూసి వేలంవాళ్లేమన్నారు? వెనకాల జిగురు మరకే లేదు, ఎలా దాచారూ అనా? దాచడమేమిట్రా, మా మామయ్య పిండి తక్కువ కలిపేవాడు, అంతే!

మామయ్యంటే మా అమ్మకి తమ్ముడు. నువ్వెరగవులే, మీ అమ్మ పెళ్లికి ముందే పోయాడు. ఊళ్లో అందరూ పోస్టర్లాయన అనేవాళ్లు. సైకిలు హ్యాండిలుకి బకెట్టు, భుజాన నిచ్చెన. ఆ సైకిలుకి బ్రేకులుండేవి కావు, చెప్పు నేలకి రాసి ఆపేవాడు, నెలకో జత అరిగేది... ఏం చెప్తున్నాను? ఆఁ, పిండి. నాన్న పోయాక మా ముగ్గురు అక్కచెల్లెళ్లకీ ఆయనే దిక్కు. జిగురు కాయడానికి సినిమా హాలు ఓనరు మైదా ఇచ్చేవాడు. పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలపాలి, అది విషం. అది కలపకముందే సగం పిండి పక్కకి తీసేవాడు మామయ్య. అది మాకు జావ. మిగతా సగంలో నీళ్లు కొట్టి గోడలకి పూసేవాడు. మరి నిలుస్తాయా? కాస్త గాలి కొడితే చాలు, హీరో ఈ సందులో, హీరోయిన్ ఆ సందులో! ఓనరు లేచేలోపు ఊరంతా తిరిగి, పడ్డవి ఏరుకొచ్చి, కొత్తవి అంటించేవాడు. పడ్డవాటిని అమ్మ తుడిచి పరుపుల కింద పరిచేది, నేల చెమ్మ తగలకుండా.

ఓరోజు ఓనరే ఇంటికొచ్చాడు. అరుస్తాడనుకున్నాం. లేదు, నన్ను దగ్గరికి పిలిచి, "ఏం పాపా, బుగ్గలు నున్నగా ఉన్నాయే, ఏం తింటున్నావేంటి?" అన్నాడు తియ్యగా. నాకు ఆరేళ్లు. గొప్పగా చెప్పాను, "మా మామయ్య పోస్టర్ల పిండి జావ!" అని. అమ్మ చేతిలో చెంబు జారిపోయింది.

మర్నాటి నుంచి పని లేదు. పిండి దొంగ అని పేరొకటి. చచ్చేదాకా బస్తాలు మోశాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదురా. ఆ రోజు నెత్తి మీద చెయ్యేసి, "నా జిగురు కంటే నీ మాటే గట్టిగా అంటుకుందే పిల్లా!" అని నవ్వాడు. ఒక్క దెబ్బ వేసినా పోయేది.

ఆ వేలంవాళ్ల ఫారంలో ఏదో రాయాలన్నావే, ఎవరు దాచారు, ఎలా దాచారని. రాయి. పోస్టర్లు అంటించే మనిషి, పిండి తగ్గించి మేనకోడళ్ల కడుపు నింపాడు, అందుకే ఇవి మిగిలాయి అని రాయి. ఆ జావ తిన్నదీ నేనే, చెప్పిందీ నేనే అని కూడా రాయి. కొనేవాడు నవ్వితే నవ్వనీ...

ఏంట్రా అలా చూస్తావ్? చేతులు కడుక్కున్నావా? అయితే ఈ పోస్టరు ఆ కొస పట్టుకో. మెల్లిగా.