రోజుకో రూపాయి టిప్పు

చోడవరంలో కరణంగారి అరుగు కింద కాఫీ హోటలు సర్వరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీధిలో ఆగిన ఎడ్లబండిలో అతని భార్య తెరిపి లేకుండా దగ్గుతోంది.

“రాబడి కాయితంలో నెలకి ఇరవై అని రాసీండి బాబూ. నలభై లోపలుంటేనే విశాఖపట్నం పెద్దాసుపత్రిలో దానికి ఉత్తినే మంచం ఇత్తారట.”

“ఇరవై నీ జీతం. మరి టిప్పులో?”

“టిప్పు రాబడేటి బాబూ? ఒకాయన గ్లాసు పక్కన అర్ధణా పెడతాడు, పదిమంది మూతి తుడుసుకుని ఎల్లిపోతారు. దానికీ లెక్కేనా?”

“చేతికొచ్చిందల్లా రాబడేరా. ఇన్‌కంటాక్సు వాళ్లనడిగినా ఇదే చెబుతారు. రోజుకో రూపాయి టిప్పు వస్తుందని పెళ్లిమాటల్లో నువ్వే అన్నావు. మధ్యవర్తిని నేనేగా! జీతానికి ఆ ముప్పై కలిపితే నెలకి యాభై.”

“అలగనకపోతే గుంటనిచ్చి పెళ్లి సేత్తారా బాబూ? అబద్దమాడేసేను. అణా దొరికితే అదే పండగ.”

“ఇప్పుడాడేది అబద్ధం కాదని నాకెలా తెలుస్తుంది? సంతకం నాది. ఆ రూపాయి ఉత్తమాటేనని బండి దగ్గరకొచ్చి నీ పెళ్లాం ఎదుట అను. ఇరవయ్యనే రాస్తాను.”

“దాని ముందొద్దు బాబూ. మీ కాళ్లట్టుకుంటాను.”

“ఏం, సిగ్గా?”

“సిగ్గు కాదు బాబూ. పొద్దున రగతం కక్కుకుంది. ‘మా ఆయనకి రోజుకో రూపాయి వత్తాది, ఎంత కరీదు మందైనా కొంటాడు, నాకేటీ అవదు’ అని నవ్వింది. ఆ రూపాయిని నమ్ముకునే బతుకుతాననుకుంటంది.”