అట్ట వెనక పాచిక

ఏటి బావా, ఒక్క రూలు మార్చినందుకు మూడు ఆదివారాలు మొహం చాటేస్తావా? తలుపు తీసినవాడివి లోపలికి రమ్మనవా? సరే, గుమ్మంలోనే నిలబడతాను.

తొమ్మిదేళ్లు ఆడాం! ఈ గనుల ఊరు కిరందుల్ మొత్తంలో ఎవరింట్లో ఉంది ఇలాంటి ఆట? నేను కథ చెప్పడం, మీరు ముగ్గురూ ఒక్కో వీరుడై పాచికలెయ్యడం. ఎంత బాగుండేది!

నీ వీరుడు ఒక్క వంతులో రెండేసి దెబ్బలు కొడుతున్నాడు. ఒకటే కొట్టాలన్నాను. అంతే కదా! దానికి నీ వీరుడి లెక్కలు రాసుకున్న కాగితాలు చింపి పారేసి ఎల్లిపోతావా? ఆస్పత్రిలో ఎంతమందినో చూసే నర్సు, మన దేవుడమ్మే బిత్తరపోయింది.

ఆగు, చెప్పనీ. మంగు సంగతి నీకు తెలీదు. గనిలో డంపరు లారీ దిగి, ఒంటినిండా ఎర్రదుమ్ముతో తిన్నగా ఆటకే వస్తాడా! రూలు మార్చే ముందు వారం మెట్ల మీద నన్ను ఆపాడు. "భయ్యా, రాక్షసులందర్నీ చక్రధర్ భయ్యాయే చంపేస్తాడు. మరి నేనెందుకు? చాయ్ తాగడానికా?" అన్నాడు. ఏం చెప్పమంటావు వాడికి?

ఏటీ? నువ్వు న్యాయంగా గెల్చుకున్న బలమా?

అదే... అదెలా చెప్పాలో తెలీకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కూర్చోనీ ఒక్క నిమిషం.

మా చెల్లి, నీ రమణమ్మ, చనిపోయిన నెల రోజులకి నిన్ను బలవంతాన ఆటకి లాక్కొచ్చాను, గుర్తుందా? ఆ మొదటి ఆటలోనే పులి పంజాకి నీ వీరుడు చావాలి. పులి తరఫున, మీకు కనపడకుండా నిలబెట్టుకునే అట్ట వెనక, ఇరవై ముఖాల పాచిక నేనేశాను. ఇరవై పడింది; ఎంత పెద్ద అంకె పడితే అంత పెద్ద దెబ్బ. నీ మొహం చూసి "మూడు" అనేశాను.

నవ్వావు బావా. చెల్లి పోయాక అదే మొదటిసారి నువ్వు నవ్వడం.

ఇంక ఆపలేకపోయాను. నీవాడు చావాల్సిన ప్రతిసారీ అబద్ధమే చెప్పాను. మంగు వీరులు నలుగురు చచ్చారు. ప్రతిసారీ కొత్త వీరుడితో మళ్ళీ మొదట్నించే ఆడుకొచ్చాడు, కిక్కురుమనకుండా. నీవాడొక్కడే బతికి బలిశాడు. ఆట చెడిపోదేటి మరి? చెడగొట్టింది నేను. రూలు పెట్టి కోసింది నిన్ను.

తిట్టు.

నీ కోసమే చేశాననుకున్నాను. నువ్వు రావడం మానేశాక తెలిసింది, నా కోసమేనని. చెల్లి పేరెత్తి మాట్లాడుకోడానికి ఈ ఊళ్ళో నాకు ఇంకెవరూ లేరు బావా.