ఆరో ఫిల్ము

డాక్టరమ్మ సంగతా? ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయింది కదే, ఇప్పుడెందుకు గుర్తొచ్చింది నీకు? ఓహో, స్కానింగు తప్పించుకోడానికి నన్ను మాటల్లో పెడుతున్నావా. సరే, కూర్చో, చెప్తా. విన్నాక మాత్రం రేపు నువ్వు ఆ గదిలోకి వెళ్ళాల్సిందే.

మీ నాయనమ్మ, అదే మా అక్క, బట్టలు కుట్టేది కదా. ఉన్నట్టుండి నడకలో తూలడం, గుమ్మాలకి భుజం కొట్టుకోడం, పొద్దున లేస్తూనే వాంతులు. ఒకాయన కడుపులో పుండన్నాడు. ఇంకొకాయన "నరాల బలహీనతమ్మా, టానిక్కు తాగు" అన్నాడు. మూడో ఆయన, పాపం మంచోడే, చిన్నమెదడులో నీటితిత్తి ఉందని కనిపెట్టి ఆ నీళ్ళు తోడేశాడు. అక్క లేచి మళ్ళీ మిషను తొక్కింది. అయిదు నెలలు తిరక్కుండా కథ మొదటికొచ్చింది. అప్పుడు దొరికింది ఈ డాక్టరమ్మ. పొట్టి మనిషి, పీట వేసుకుని నిలబడి ఆపరేషను చేసేది. ఎవరేం చెప్పినా ఓ పట్టాన ఒప్పుకోదని ఆస్పత్రిలో అందరూ 'ససేమిరా' అని పిలిచేవాళ్ళు ఆవిణ్ణి, చాటుగాలే. "నీళ్ళు ఊరికే ఊరవయ్యా, ఊరబెట్టేది ఏదో లోపలుంది" అని మెడలోంచి రంగుమందు ఎక్కించి వరసగా ఆరు ఫిల్ములు తీయించింది. వాటిని కడిగేది నేనే, అక్కడి ఎక్స్‌రే గదిలో నా ఉద్యోగమే అది.

ఫిల్ముని మందులో ముంచి కుదపాలి, లేకపోతే గాలిబుడగ అంటుకుని తెల్లచుక్క పడుతుంది. ఆరోదాంట్లో బఠాణీగింజంత చుక్క. అక్క ఫిల్ములు కదా, కంగారులో సరిగ్గా కుదపలేదేమో అనుకున్నా. డాక్టరమ్మ తిడుతుందని భయపడి దాన్ని చెత్తబుట్టలో పడేసి, అయిదే పట్టుకెళ్ళా. "ఆరోది ఏదయ్యా?" "పాడైందండీ." "ఆ పాడైందే పట్రా." తెచ్చా. వెలుగుకి పెట్టి చాలాసేపు చూసింది. "ఇది బుడగ కాదు, రక్తనాళాల ముడి. అంతటా రంగు పోయాక దీన్లోనే మిగిలింది, అందుకే ఆఖరిదాంట్లో దొరికింది. నీళ్ళు ఊరబెట్టే దొంగ ఇదే" అంది. నా చేత్తో నేనే మా అక్కని చెత్తబుట్టలో వేశాను చూడు.

క్యాన్సరు కాదంది. కానీ మధ్యలో కోస్తే కుళాయి తిప్పినట్టే రక్తం. చుట్టూ వచ్చే నాళాల్ని ఒక్కొక్కటే మూసి, ముడిని ముక్క కాకుండా తియ్యాలి. ఏడు గంటలు పట్టింది. ఆ తర్వాత అక్క పాతికేళ్ళు బతికింది, నీ చిన్నప్పటి గౌన్లన్నీ కుట్టింది ఎవరనుకున్నావు.

డాక్టరమ్మ అక్కడితో ఆగుతుందా? "ఇది కొన్ని ఇళ్ళల్లో రక్తంలోనే వస్తుంది, అందరూ చూపించుకోండి" అని వెంటపడింది. మీ నాన్నకి కంటి వెనకపొర మీద ఇలాంటిదే దొరికితే లేజరుతో కాల్చారు, చూపు నిలబడింది. నాకూ చీటీ రాసింది. కనపడ్డప్పుడల్లా "తీయించుకున్నావా?" అనేది. తీయించుకున్నానండీ, ఏమీ లేదన్నారండీ, అన్నాను. నమ్మింది. నమ్మే పోయింది. పక్కవాళ్ళ ఫిల్ములు వేలల్లో కడిగా గానీ నా తలకాయ ఫిల్ము చూడాలంటే భయమేసింది, అంతే. నలభై ఐదేళ్ళుగా తల కాస్త నొప్పెడితే చాలు, నాకు నిద్రుండదు. ఈ బతుకు నీకొద్దు.

ఏంటలా చూస్తావు? ఫోను తియ్యి. రేపటికి నీ పేరు రాయించు. దాని కిందే నా పేరు కూడా. వయసు డెబ్బై ఎనిమిదని చెప్పు.