కాపురమంతా సెప్టెంబరే

సెప్టెంబరు, శనివారం పొద్దున. బ్రిటిష్ కొలంబియాలో ఒకనాగన్ సరస్సు పక్కన, ద్రాక్షతోటల మధ్య కంకర దారి. రెండు అద్దె ఈ-బైకులు, ఇద్దరు మనుషులు.

“నవ్వు, భరద్వాజ్.”

“నవ్వుతూనే ఉన్నా కావ్యా.”

“దాన్ని నవ్వంటారా? పన్ను పీకించుకోడానికి కూచున్నట్టుంది. ఇంకోటి తీస్తా. చెయ్యి నా భుజం మీద వెయ్యి.”

“వెయ్యాలా?”

“మొగుడూ పెళ్లాలం. వెయ్యొచ్చు.”

“కాగితం మీద.”

“కాగితం కోసమేగా ఈ తిప్పలన్నీ. వెయ్యి. అబ్బ, అది చెయ్యా, తడిగుడ్డా? సరిగ్గా వెయ్యి. హా, అయింది. ఇప్పుడు షర్టు మార్చుకో.”

“మళ్లీనా?”

“ఇందాకటిది పోయినేడాది మే. ఇది ఈ ఏడాది జూలై. రెండిట్లోనూ ఒకే షర్టుంటే ఆఫీసర్ నమ్ముతాడా?”

“అసలా ఆఫీసర్ ఏమన్నాడో, ఆ మెయిల్ నాకు పంపమన్నా కదా.”

“చెప్పాగా. నువ్వు కాల్గరీలో, నేను సర్రీలో. రెండు ఊళ్లు, రెండు అడ్రసులు. ఇది నిజం కాపురమేనా, రుజువులు పంపండి అన్నాడు. పంపకపోతే ఇక్కడే ఉండిపోడానికి పెట్టుకున్న పీఆర్ ఫైలు మూసేస్తారు. మూస్తే నా వర్క్ పర్మిట్ అయిపోగానే నేనూ ఇంటికే, నా వెనకాలే నువ్వూ ఇంటికే.”

“నీ వెనకాలే. అవును, మర్చిపోయా.”

“మొదలెట్టావా?”

“లేదులే. ఏ షర్టు?”

“నీలంది. పెళ్లైన కొత్తలో వేసుకునేవాడివి.”

“ఇది నీ దగ్గరుందా! పోయిందనుకున్నా.”

“సర్రీలో బేస్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు నా పెట్టెలో కలిసిపోయింది. ఇస్త్రీ నలగకుండా వేసుకో.”

“కలిసిపోయిన షర్టుకి ఇస్త్రీ కూడా చేశావా?”

“ఫోటో కోసం. తొందరగా వేసుకో, ఎవరైనా వస్తారు.”

“వేసుకున్నా. పద, ఆ మలుపు దాటి ఇంకో రెండు తీసుకుని వెనక్కి పోదాం.”

“వెనక్కా? ఇంకా నారమాటా ఊరు కూడా రాలేదు. ఏయ్, నెమ్మదిగా పోనీ! టర్బోలో పెట్టి తొక్కకు, బ్యాటరీ అయిపోతుందని ఆ షాపమ్మాయి చెప్పలా?”

“అయిపోతే అయిపోనీ. రాత్రికి నేను కాల్గరీ బస్సెక్కాలి.”

“సైకిళ్లు సాయంత్రం దాకా మనవే.”

“సాయంత్రం దాకానా! ఒక పక్క కొండ, ఒక పక్క చెరువు. మధ్యలో నువ్వూ నేనూ. పారిపోదామన్నా దారి లేదు.”

“అంత పారిపోవాలనుందా?”

“నీకు లేదా? మనం మాట్లాడుకున్నదే కదా. పీఆర్ రాగానే విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టి ఎవరి దారి వాళ్లు చూసుకోవాలని. ఆ మాట ముందు నువ్వే అన్నావ్.”

“నువ్వు సరేనన్నావ్.”

“నువ్వన్నావు కాబట్టి అన్నా.”

“సర్లే. ఆగు, ఇక్కడ బాగుంది. ఆ గుత్తుల పక్కన నిలబడు.”

“ఒక్కణ్ణా?”

“ఒక్కడివే.”

“నేనొక్కణ్ణే నిలబడితే కాపురానికి రుజువెట్లా అవుతుంది?”

“తీసింది పెళ్లామని వాళ్లకు తెలుస్తుందిలే. అటు చూడు. ఊఁ.”

“కళ్లు మూసుకుపోయాయి నాకు. ఎండ.”

“ఉండనీ. బాగుంది.”

“ఏం బాగుంది, కళ్లు మూసుకున్నోడి ఫోటో! ఏయ్ కావ్యా, ఒక్క నిమిషం. ఇందాకటివన్నీ చూపించు.”

“ఏమైంది?”

“ఇది పోయినేడాది మే అన్నావు కదా. వెనకాల చూడు. గుత్తులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇది జూలై. నల్ల ద్రాక్ష. ఇది ఏప్రిల్, పాపం నాతో చలికోటు కూడా వేయించావ్. నల్ల ద్రాక్ష! ఇక్కడ ద్రాక్ష పండేదే సెప్టెంబరులో. షర్టులు మార్చావు గానీ ద్రాక్షనెవరు మారుస్తారు? మన కాపురమంతా సెప్టెంబరేనా?”

“అయ్యో.”

“అయ్యో ఏంటి! చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు. కాలేజీలో అందరూ అసైన్‌మెంట్లు నీ దగ్గరే దిద్దించుకునేవాళ్లు. నీకిది తట్టలేదా?”

“తట్టలేదు.”

“నవ్వుతున్నావా? ఇద్దర్నీ విమానమెక్కించి పంపేస్తే తెలుస్తుంది నవ్వు.”

“నవ్వొచ్చింది, ఏం చేయను! కాపురమంతా సెప్టెంబరే అన్నావు చూడు, అదే నిజం. శ్రావణంలో పెళ్లి. మనం బాగున్నది ఆ సెప్టెంబరు ఒక్కటే. తర్వాత ఇక్కడికి వచ్చిపడ్డాం.”

“ఏవండోయ్! తెలుగువాళ్లేనా? మాటలు వినపడి ఆగాను.”

“నమస్తే ఆంటీ. అవునండీ.”

“బతికించారు. నా పేరు సీతాదేవి, మాది తణుకు. మా అమ్మాయి ఇక్కడే కెలోనాలో ఉంటుంది. మా ఆయన కోదండరామ్ గారు ఆ వెనక తోటలో వైన్ రుచి చూస్తానని కూచుని మంచినీళ్లలాగా లాగిస్తున్నారు. నీ పేరేంటమ్మా?”

“కావ్యశ్రీ ఆంటీ. సర్రీలో అకౌంట్స్ చేస్తా. ఈయన మా ఆయన, భరద్వాజ్.”

“బాబూ, నువ్వూ సర్రీలోనేనా?”

“కాల్గరీ ఆంటీ.”

“ఈయనదీ సర్రీయే ఆంటీ.”

“అంటే, ఇప్పుడు ఉద్యోగానికి కాల్గరీ. ఇల్లు సర్రీయే.”

“బాగుంది వరస. వంట ఒక ఊళ్లో, తిండి ఒక ఊళ్లో. ఏదీ, ఫోన్ ఇలా ఇవ్వమ్మా, నేను తీస్తాను. బాబూ, దగ్గరకి జరుగు. ఏమిటా పట్టుకోవడం, అద్దె సైకిల్‌ని పట్టుకున్నట్టు? గీత పడుతుందని భయమా?”

“జరిగానాంటీ.”

“ఇంకా జరుగు. అమ్మాయ్, ఆ నల్లపూసలు పైకి తియ్యి. ఎంత బాగున్నాయో! ఈ కాలం పిల్లలు పెట్టుకోవడమే మానేశారు.”

“ఎప్పుడూ మెడలోనే ఉంటాయాంటీ.”

“చూశావా బాబూ, అదృష్టవంతుడివి. పెళ్లై ఎన్నేళ్లు?”

“మూడేళ్లాంటీ.”

“మూడేళ్లంటే... ఇంకా ఏమీ...?”

“పీఆర్ వచ్చాక ఆంటీ.”

“అన్నీ పీఆర్ వచ్చాకే! మా అల్లుడిదీ ఇదే పాట. ఇల్లు పీఆర్ వచ్చాక, పిల్లలు పీఆర్ వచ్చాక. నవ్వు కూడా పీఆర్ వచ్చాకేనా? నవ్వండీ! హా! ఇదీ ఫోటో అంటే. చల్లగా ఉండండి. వచ్చే ఏడాదికి ముగ్గురై రండి. వస్తున్నానండీ, వస్తున్నా! ముందా గ్లాసు కింద పెట్టండి!”

“వెళ్లిపోయిందా కావ్యా?”

“వెళ్లింది. చెయ్యి తీసెయ్యొచ్చు.”

“ఆఁ.”

“తీసెయ్యి మరి.”

“తీస్తున్నా. నల్లపూసలు ఎప్పుడూ మెడలోనే ఉంటాయా?”

“ఆవిడ కోసం చెప్పా. పద.”

“పాపం, ఆవిడ మనస్ఫూర్తిగా దీవించింది. నాకు తల కొట్టేసినట్టయింది.”

“దీవెనకి తల కొట్టేసినట్టవుతుందా ఎవరికైనా? పద, ముందు ఎత్తు ఉంది.”

“కావ్యా! ఆగాగు. నా బండి చచ్చింది.”

“నే చెప్పలా? పల్లానికి కూడా టర్బోయే నీకు.”

“మోటారు లేకపోతే ఇది సైకిల్ కాదు, దున్నపోతు. కదలనంటోంది.”

“నాది తీసుకో. సగం పైనే ఉంది బ్యాటరీ. నీది నేను నడిపించుకొస్తా.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“నీ బ్యాటరీ మీద నేను రాను. ఒకసారి నీ వీసా మీద వచ్చింది చాలు.”

“ఇంకా ఆ మాటే పట్టుకుని వేళ్లాడుతున్నావా?”

“ఎట్లా వదలను? ఒక్క బేస్‌మెంట్‌లో ఎనిమిదిమందిమి. ఆ ఏడాది ఇండియా అంతా సర్రీలోనే దిగినట్టు, మెట్ల కింద కూడా ఒక స్టూడెంట్. అంతమంది ముందూ అన్నావ్. ‘నా వీసా మీద వచ్చినోడివి, నాకు చెప్పకు’ అని. ఆ రోజు నుంచీ నన్ను పేరు పెట్టి పిలిచినోడు లేడు. ‘ఇల్లరికం బావా, చెత్త బయట పెట్టావా? ఇల్లరికం బావా, అక్క పిలుస్తోంది.’ మా వంశంలో ఇల్లరికం వెళ్లినోడే లేడు. సముద్రాలు దాటొచ్చి నేను వెళ్లా.”

“ఆ రోజు నేను పొద్దున కాలేజీ, తర్వాత రెండు షిఫ్టులు చేసొచ్చా. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. నువ్వేమో, ఈ దేశం మనకొద్దు, ఇంటికెళ్లిపోదాం అన్నావ్. నోరు జారింది.”

“జారితే తర్వాతైనా ఒక మాట చెప్పొచ్చుగా.”

“చెబుదామనే పరిగెత్తుకొచ్చా మర్నాడు. నువ్వప్పటికే కాల్గరీ బస్సెక్కేశావు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తిన రోజు నాకు ఒళ్లు మండి, విడాకులు కావాలా అని అరిచా. నువ్వు సరే అన్నావ్.”

“ఉక్రోషంతో అన్నావని నాకేం తెలుసు?”

“తెలియాలి. తాళి కట్టిన మనిషికి ఆమాత్రం తెలియాలి.”

“అరవకు. ఎవరో వెళ్తున్నారు.”

“వెళ్లనీ. వాళ్లకు తెలుగు రాదు.”

“కూచో కాసేపు, ఇక్కడ నీడుంది. ఏం మోసుకొచ్చావు ఆ సంచిలో?”

“పులిహోర. శనివారం కదా. ఇక్కడివేవీ నువ్వు ముట్టవని.”

“గుర్తుందా! వైన్ ఊరికి శనివారం రమ్మంటే, నేను శనివారాలు స్వామికి మొక్కుకున్నోణ్ణని మర్చిపోయావనుకున్నా.”

“మర్చిపోలేదు. తెలిసే పెట్టా. ఇంకో రోజైతే రెండు గ్లాసులు తాగి మధ్యాహ్నానికే నిద్రపోతావు.”

“నిద్రపోతే నీకేం? ఫోటోలేగా. ఇది ఇంట్లో మిగిలిందా?”

“ఆఁ, మిగిలింది.”

“మిగిలిన పులిహోరలో ఇన్ని జీడిపప్పులా?”

“నోరు మూసుకుని తిను.”

“నోరు మూసుకుని ఎట్లా తినాలి?”

“భరద్వాజ్!”

“తింటున్నా. బాగుంది. అచ్చం మీ అమ్మ చేసినట్టే పులుపు. కాల్గరీలో నేను వండితే నాకే మింగుడు పడదు.”

“చిక్కిపోయావు.”

“ఊపిరాడట్లేదు కావ్యా. బయటికి పెళ్లైనోణ్ణి, లోపల ఒంటరోణ్ణి. అమ్మకు చెప్పలేను. ఫోన్ చేస్తే కోడలికివ్వు అంటుంది. స్నానానికి వెళ్లిందంటా. ఈ మధ్య అడుగుతోంది, మీ ఊళ్లో ఎన్నిసార్లు స్నానం చేస్తార్రా అని.”

“నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతా.”

“మాట్లాడి? వచ్చే ఏడు విడాకులని తెలిస్తే ఈ మాటలన్నీ గుర్తొచ్చి ఇంకా ఏడుస్తుంది. నీ ఫోన్ వచ్చినప్పుడల్లా పీఆర్ వచ్చిందేమోనని నాకు గుండె దడ.”

“వస్తే దడ ఎందుకు? వస్తే నీకు విడుదలే కదా.”

“అదే.”

“అదే అంటే?”

“ఏం లేదు. లే, టైమవుతోంది. నేను ఈ దున్నపోతుని తోసుకుంటూ వస్తా. నువ్వు ముందెళ్లు.”

“నేనూ నడుస్తా.”

“నీకు బ్యాటరీ ఉందిగా.”

“ఆపేశా. పద.”

“ఎండలో కొండెక్కి చస్తావు.”

“చస్తే చస్తా. నువ్వు నడువు.”

“మొండిదానివి. ఇంతకీ ఆ పీఆర్ లాగిన్ నీ దగ్గరేగా. రోజూ చూస్తున్నావా?”

“చూస్తున్నా.”

“ఏమైనా కదిలిందా?”

“ఒకటి అడుగుతా చెప్పు. పీఆర్ వచ్చిందనుకో. మర్నాడు ఏం చేస్తావ్?”

“ఇప్పుడెందుకది?”

“చెప్పు.”

“నీకేం కావాలో అది చేస్తా.”

“నాకేం కావాలో కాదు. నువ్వేం చేస్తావ్?”

“ఇచ్చిన మాట మీద నిలబడతా. నువ్వు అడక్కముందే సంతకం పెడతా. ఆవిడ వీసా మీద వచ్చి, పని అయ్యాక కూడా ఆవిడ మెడకే చుట్టుకున్నాడని ఎవడూ అనకూడదు. ఒక్కరోజు కూడా నిన్ను ఆపను.”

“ఒక్కరోజు కూడా?”

“ఒక్కరోజు కూడా. మా అమ్మ మీద ఒట్టు.”

“ఒట్టెందుకు వేశావు భరద్వాజ్?”

“నీకు నమ్మకం కుదరాలని.”

“అమ్మ మీద వేస్తారా ఎవరైనా? వెనక్కి తీసుకో.”

“వేసిన ఒట్టు వెనక్కెట్లా తీసుకుంటారు? మా అమ్మకేమైనా అయితే? ఏయ్, ఏడుస్తున్నావా? ఫోటోలు పాడయ్యాయనా? పర్లేదే, మళ్లీ తీసుకుందాం. గుత్తులు లేకుండా చలికాలంలో ఒకసారి వస్తా. మేలో వస్తా. ఏప్రిల్‌లో ఆ చలికోటు వేసుకునే వస్తా. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తా, సరేనా?”

“అక్కర్లేదు.”

“అక్కర్లేకపోతే ఎట్లా? ఆ ఆఫీసర్‌కి ఏం పంపిస్తావ్?”

“ఆఫీసర్ ఏమీ అడగలేదు. పీఆర్ వచ్చి నెలైంది.”