అడుగున ఉన్న పెండ్లి

గీత కదుల్తలేదని నన్నంటే నేనేం జెయ్యాలమ్మా? పొద్దటిసంది నేను గూడ స్క్రీన్ మీద గా నీలం గీతనే జూస్తున్న. మీరు జూసినా గంతే పోతది, చూడకున్నా గంతే పోతది.

కూసోండ్రి జర. గా కుర్చీ గాదు, దానికి కాలు సరిగ లేదు. ఇటు కూసోండ్రి.

ఎరుకే అమ్మా. సాయంత్రం పెద్దపల్లిల పదహారొద్దుల పండుగ. మీ వియ్యాలవారి ముంగట పెద్ద తెర మీద మీ స్నిగ్ధ పెండ్లి వీడియో పడాలె. పడకుంటే మీ వియ్యపురాలు ఏమంటదో గూడ మీరు ఫోన్ల చెప్పిండ్రు. రెండుసార్లు చెప్పిండ్రు.

ఇగో, నా పేరు మమత. 'ఓ స్టూడియో పిల్లా' అంటే నేను పలుకుత గని, కంప్యూటర్ పలుకదు.

ఏందీ? మీ తమ్ముడు వంశీధర్‌రావు సారు ఫోన్ల చిటికెల జేస్తడా? చేస్తడమ్మా, నేనెందుకు కాదంట? ఆయన ఫోన్ల ఒక్క పెండ్లే ఉంటది. గీ కంప్యూటర్ డబ్బాల మీ స్నిగ్ధ పెండ్లి ఒక్కటే గాదు, ఇంకా శాన పెండ్లిలున్నయి.

ఎట్ల చెప్పాలె... స్టీల్ సామాన్ల దుకాణంల గిన్నెల గిన్నె, దాంట్ల ఇంకో గిన్నె పెడ్తరు సూడుండ్రి, గట్ల. మీ మైలపోలు తానాలది ఒక ప్రాజెక్టు, అంటే ఒక ఫైలు, ఎదుర్కోళ్లు ఒకటి, అప్పగింతలు ఒకటి. అన్నిటిని ఒక పెద్ద ప్రాజెక్టుల పెట్టిన. గక్కడిదాకా అందరు చేసేదే. నేనేం జేసిన్నంటే, గా పెద్దదాన్ని తీస్కపోయి అంతకుముందు చేసిన పెండ్లిల పెట్టిన. హర్షిణి అని, జగిత్యాల పిల్ల. హర్షిణిది వినోద పెండ్లిల ఉన్నది. వినోదది ఇంకో దాంట్ల.

ఎందుకంటే, పూలు. స్నిగ్ధ నెత్తిమీద మెల్లగ రాలే మల్లెపూలు, సుట్టు బంగారు అంచు. మీకు నచ్చినయి గదా? అవి ఒక్కపారే చేసిన, మొట్టమొదటి పెండ్లికి. మళ్లమళ్ల చేసుడెందుకని ప్రతి కొత్త పెండ్లిని పాతదాని మీద కప్పుకుంట వచ్చిన. నాకు ఎవ్వలు నేర్పలే. ఫోన్ల వీడియోలు జూసి నేర్చుకున్న. పైన కప్పితే కిందిది కనవడదు, అయిపాయె అనుకున్న. కనవడకున్నా కంప్యూటర్ దాన్ని లెక్కవెట్టుడు మానదట. మీ స్నిగ్ధ ఒక్క అడుగు ఎయ్యాల్నంటే కింద ఉన్న పెండ్లిపిల్లలందరు ఒక్కో అడుగు ఎయ్యాలె.

నవ్వుండ్రమ్మా, ఏం గాదు. నాకు గూడ మొదట నవ్వే వచ్చింది.

అందరికంటె అడుగున ఎవ్వలున్నరంటరా?

నేను.

మరి నేర్చుకునేటోళ్లకు ముందుగాల ఎవ్వల పెండ్లి దొరుకుతది? మా పెండ్లి ఫోటోగ్రాఫర్ ఎడిటింగ్ జెయ్యని ఉత్త క్లిప్పులు చేతుల వెట్టి దుబాయ్ పోయిండు. సరే, నేనే జేస్కుంట అన్న. పూలు రాల్చుడు నేర్చుకునేటాల్లకు పెండ్లే ఇడిపోయింది. కుమార్ మంచోడే. కొట్టలే, తాగలే. మాట్లాడలే. గంతే. పెద్దమనుషుల్ల కూసోని తెంపుకున్నం. బీరువ వాపస్ వచ్చింది, మంచం వాపస్ వచ్చింది. క్లిప్పులు ఎవ్వలు అడుగలే.

అయ్యో, మీరు గట్ల మొఖం పెట్టకుండ్రి. ఇడిపోయిన పెండ్లి అడుగున ఉంటె మంచిదో చెడ్డదో అని ఫికర్ వద్దు. మీ వీడియోల నా కొంగు కొస గూడ కనవడదు.

తీసెయ్యాల్నా?

తియ్యొచ్చు. తీస్తే జల్దీ అయితది గూడ. పక్కకు పెడ్దామంటే డిస్కుల జాగ లేదు. మీ వీడియో బయటికి రావాల్నంటే జాగ గావాలె. తీస్తే మొత్తానికే తీసెయ్యాలె. పూలు గూడ పోతయ్ మరి.

పూలు లేకున్నా మంచిదేనా? మొన్న పూలు పూలు అని పాణం తీసిండ్రు గదమ్మా!

సరే.

ఒక్కటి చెప్త, ఇనుండ్రి. గిట్ల ఒకదాంట్ల ఒకటి పెట్టొద్దని నాకు పోయినేడే ఎరుకైంది. పూలను ఒక్కటే ఇడదీసి పెట్టుకుంటే అయిపోతుండె. చిన్న పని. చెయ్యలే. గిరాకి వచ్చినప్పుడల్ల పూలు సరిజేస్తున్న అనుకుంట అడుగుదాకా పోత. అక్కడ తలంబ్రాల కాడ కుమార్ నా చెవుల ఏందో చెప్తడు. నేను నవ్వుత. ఏం చెప్పిండో యాదికి లేదు. సౌండు ఎంత పెంచి ఇన్నా డప్పులే. మళ్ల పెంచి ఇంట. మళ్ల డప్పులే.

ఇగో, తీస్తున్న. చూసిండ్రా, కంప్యూటర్ అడుగుతుంది. తీసేస్తే మళ్ల రాదు, సరేనా అని. దీనికున్న మర్యాద గా పెద్దమనుషులకు గూడ లేకుండె.

నొక్కిన.

అగో, గీత ఎట్ల ఉరుకుతుందో సూడుండ్రి. డ్రైవర్‌కు ఫోన్ జెయ్యుండ్రి, కారు వచ్చేటాల్లకు పెన్‌డ్రైవ్‌ల ఎక్కుతది.

మా అవ్వనా? తీసేసినందుకు కన్నతల్లి ఏమంటది? ఏమనదమ్మా. పంచాయితి తెగిన నాడే అడిగింది, కంప్యూటర్ల గా పెండ్లి ఉంచుకున్నవా, తీసేసినవా అని. తీసేసిన అని చెప్పిన.

ఇయ్యాల్టికి నిజమైంది.